తగినంత

ఫారంలో ఒక గడి ఉంది.
రాజ్యాంగం పేరుపెట్టి పిలిచిన భాషల్లో ఏదో ఒకటి
దరఖాస్తుదారుకి తగినంత వచ్చునని
తెలిసినవాళ్లెవరైనా రాసివ్వాలి.
ఆమె పుట్టుభాష ఆ జాబితాలో లేదు.
అందుకని వచ్చింది నోర్జిన్,
చంద్రగిరి కొండల్నుంచి తొలి బస్సెక్కి
పర్లాకిమిడిలో రిటైరైన తెలుగు మేస్టారింటికి,
ఆరు మొక్కజొన్న పొత్తులతో,
ఏటేటా ముద్ర కొట్టించుకున్న విదేశీయుల పుస్తకంతో.

"పరీచ్చెట్టండి మేస్టారూ" అని
అరుగు మీద చేతులు కట్టుకుని కూచుంది.
డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి.
మంచు కనుమ దాటిన రాత్రి తల్లి వీపున ఉందట.

తగినంత అంటే ఎంత?
వంటల పుస్తకంలో ఉప్పుకి ఎదురుగా తప్ప
ఆ మాటని నేనెప్పుడూ నిలబెట్టి అడగలేదు.

సభలెన్ని? రెండు.
జెండా చక్రానికి ఆకులెన్ని?
"ఇరవై నాలుగు. ఓపాలి స్వెట్టరు మీద అల్లేను.
లెక్కెడితే ఇరవై మూడే ఉన్నాయి.
ఇప్పీసి మళ్లీ అల్లేను. ఎవులూ కొన్లేదు."

తెలుగు ఎక్కడ నేర్చావు?
శ్రీకాకుళం డే అండ్ నైట్ దగ్గర, ఫుట్‌పాత్ మీద,
నలభై శీతాకాలాలు.
మొదట వచ్చిన మాట 'గిట్టదు'.
తర్వాత 'రంగు పోదు', ఆ తర్వాత 'సలి'.
"మీ సలికి మా ఊళ్లో అయితే
కిటికీలు తీసీసి పడుకుంటారు మేస్టారూ"
అని నోరు మూసుకుని నవ్వింది.
మా ఊరు అంటే ఏ ఊరో నేనడగలేదు.

హక్కు అంటే?
ఇది పుస్తకంలో పెద్ద జవాబు, పేజీన్నర.
ఆమె కాసేపు ఆలోచించింది.
"కూకున్న సోటు నుంచి లెగమంటే
'ఎందుకు?' అని అడగడం."
ఆగి,
"నానింకా అడగలేదు."

ప్రమాణం బట్టీ పట్టిస్తున్నాను.
విధేయత దగ్గర నాలుక మడత పడుతోంది.
విదేయత. వితేయత. విధే, విధే...
"ఏటండీ దానర్తం?"
లోబడి ఉండడం.
"ఓస్, అదా! నాకది ముందే వొచ్చు.
మాట పలకడమే రాదు."

ముప్పైనాలుగేళ్లు ఛందస్సు చెప్పిన నోరు
అక్కడ ఆగిపోయింది.

మా తాత సంగతి ఆమెకి చెప్పాలనిపించింది.
ముప్పయ్యారు ఏప్రిల్‌లో ఓ పొద్దున
ఆయన పళ్లు తోముకుంటుండగా
ఇల్లు కదలకుండా, గుమ్మం కదలకుండా
రాష్ట్రం మారిపోయింది.
మహేంద్రతనయ అదే వంపులో పారుతూనే ఉంది.
ఎవరూ వచ్చి ఆయన్ని ఏ ప్రశ్నా అడగలేదు.
అడిగుంటే ఒడియాలో తప్పకుండా తప్పేవాడు.
తప్పితే ఎక్కడికి పంపేవారు?
వంటింట్లోంచి వసారాలోకా?

చెప్పలేదు.
చెబితే నా కథ పెద్దదైపోయి
ఆమె కాగితం చిన్నదైపోతుందని.

ముచ్చి ఉప్పు వేసి పొత్తులు ఉడకబెట్టింది మా ఆవిడ.
ముగ్గురం గింజలు ఒలుచుకుంటూ తిన్నాం.
చేతులు కడుక్కొచ్చి రాశాను:
"ఈమెకు తెలుగు తగినంత వచ్చును."
ఒట్టి మాట. తగినంత కన్నా ఎక్కువొచ్చు.
దానికి ఫారంలో చోటు లేదు.

మూడింటి బస్సు. కాగితాలు సంచిలో సర్దుకుంది.
మెట్టు దిగి, చెప్పులు తొడుక్కుని,
వెనక్కి తిరిగి
వెళ్తాను అనలేదు, పోతాను అనలేదు.
"మరి ఒత్తాను మేస్టారూ" అంది,
వెళ్లిపోతూ.

సంతకం అప్పటికే పెట్టేశాను.
పెట్టకపోయుంటే
బస్టాండు దాకా పరిగెత్తి పెట్టేవాణ్ని.